బతికున్నోళ్ల గోడ

నర్సు కాగితం మీద ఏదో రాసుకుంటూ, "ఏం పని చేసేదానివమ్మా?" అని అడిగింది. మంచం మీద పడుకున్న నా దోస్తు, "ఏం పని లేదు బిడ్డా, ఇంట్లనే" అన్నది.

నేను పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాను. నాకు ఒళ్లు మండింది. నర్సు ఏం చేసింది పాపం, నా కోపమంతా దోస్తు మీదే. నర్సు అటు పోగానే, "ఆడేదాన్నని చెప్పొచ్చు గదనే?" అన్నాను.

"చెప్తే? ఏం ఆట అని అడుగుతది. బాల్ బ్యాడ్మింటన్ అంటే గదేందని మల్ల అడుగుతది. గంత ఓపిక నాకేడిదే?" అని కళ్లు మూసుకుంది.

అదీ నిజమే. ఆ ఆట గురించి ఇప్పుడు మొదటి నుంచి చెప్పుకు రావాలి. ఈకల కాక్‌తో ఆడేది వేరు. మాది ఉన్నితో చుట్టిన పసుపు రంగు బంతి, జట్టుకు ఐదుగురు, ఆరుబయట మట్టి కోర్టు. గాలి లేస్తే బంతి పక్కకు కొట్టుకుపోతుంది, చినుకు పడితే నీళ్లు తాగి బరువెక్కుతుంది. మా చిన్నతనంలో బొగ్గుబాయి కాలనీల్లో, బళ్లలో పొద్దున, సాయంత్రం అదే ఆట. ఆమె శ్రీరాంపూర్‌లో బాయి పనికి పోయే గని కార్మికుడి బిడ్డ. నాది కరీంనగర్. కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాలు కలిపి ఆడపిల్లల జట్టు ఒకటి కట్టినప్పుడు ఇద్దరం ఒక గదిలో పడ్డాం, అప్పటి నుంచి విడిపోలేదు.

నేను నెట్టు దగ్గర ఆడేదాన్ని, ఆమె వెనక. ముందు ఆడేవాళ్లకు వెనకవాళ్లు కనిపించరు. ఆడినన్నాళ్లూ నేను ఆమె గొంతు విన్నదే ఎక్కువ, మొహం చూసింది తక్కువ. బంతి నా తల మీదుగా పోతుంటే వెనక నుంచి "ఇడువే!" అని కేక వచ్చేది. నేను వంగేదాన్ని. బంతి అవతల నేలకు తగిలిన చప్పుడు, ఆ వెంటనే జనం చప్పుడు. ఆమె కొట్టిన మంచి దెబ్బల్లో నేను కళ్లతో చూసినవి చాలా కొన్ని. జనమంతా చూశారు, నేనే చూడలేదు.

ఆ రోజు ఆసుపత్రిలో, ఒలిచిన బత్తాయి ఆమె చేతిలో పెడుతూ అన్నాను. "నడి బజార్ల నీ ఫోటో పెట్టిస్తనే. టవర్ సర్కిల్ కాడ. కూరగాయలకొచ్చినోళ్లు సుత ఎవలీమె అని అడగాలె."

"పెట్టియ్యి" అని నవ్వింది. "కప్పు పట్టుకున్నది పెట్టు. అండ్ల జర తెల్లగ పడ్డ."

ఆ మంచం మీద నుంచి ఆమె మళ్లీ లేవలేదు. శ్రీరాంపూర్‌లో చర్చి వెనక ఆమెను మట్టిలో పెట్టి వచ్చాక, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఆమె భర్త తువ్వాలలో చుట్టిన ఫోటో తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. కప్పు పట్టుకున్న ఫోటో. "బజార్ల పెట్టిస్తనన్నవంట గద చెల్లె. వచ్చినోళ్లందరికీ చెప్పుకుంట మురిసింది" అన్నాడు. నేను తలూపాను.

అట్లా మొదలైంది, బజారులో పాత ఆటగాళ్ల ఫోటోలు పెట్టే గది కోసం వెతుకులాట. నేనొక్కదాన్ని ఏం చేయగలను? నాకు తోడు ఆదిలాబాద్ సారు దొరికాడు. ఒకప్పుడు వాలీబాల్ ఆడినాయన, తర్వాత బడిలో వ్యాయామం సారు. రెండు జిల్లాల పాత ఆటగాళ్ల ఫోటోలన్నీ ఏళ్ల తరబడి జమ చేసి ఇంట్లో బీరువా నింపాడు. నన్ను తాయీ అని పిలిచేవాడు, మరాఠీవాళ్లు అక్కను పిలిచినట్టు. ఆయన దగ్గర ఫోటోలున్నాయి, జాగా లేదు. నా దగ్గర మాట ఉంది, జాగా లేదు. ఇద్దరం కలిసి జాగా కోసం తిరిగాం.

ఆయన మొదట ఆదిలాబాద్‌లోనే పెడదామన్నాడు. జిన్నింగు మిల్లు పక్కన ఖాళీ గోదాం ఉందట. "అక్కడికి పత్తి తప్ప ఇంకేమొస్తది సారూ?" అన్నాను. ఆయనకు కోపం వచ్చి కొన్నాళ్లు ఫోన్ ఎత్తలేదు. చివరికి తనే ఒప్పుకున్నాడు. దవాఖానకైనా, పెళ్లి బట్టలకైనా మా దిక్కు వాళ్లందరూ కరీంనగర్ రావాల్సిందే, వచ్చినవాళ్లు టవర్ సర్కిల్ చుట్టూ తిరగాల్సిందే. ఆటగాళ్లను ఊరి బయట దాచిపెట్టి మందిరం అని బోర్డు రాస్తే ఏం లాభం? పని మీద పోయేవాడి కాళ్లకు అడ్డం పడాలి. నా వాదన అదే.

ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఒక ఆఫీసులో పెద్దాయన మా కాగితాలు చూసి, "శ్రీరాంపూర్ ఇప్పుడు మంచిర్యాల జిల్లా కదమ్మా? ఇచ్చోడ ఆదిలాబాద్ జిల్లా. మీరు ఏ జిల్లా హాలు పెడుతున్నట్టు?" అన్నాడు. జిల్లాలు ముక్కలైనప్పుడు ఆఫీసులు, కుర్చీలు పంచుకున్నారని తెలుసు. పాత ఆటగాళ్లను కూడా పంచేశారని అక్కడే తెలిసింది. "ఆడినప్పుడు ఒక్కటే జట్టు సారూ" అని ఆదిలాబాద్ సారు ఎంత చెప్పినా ఆయన టీ తెప్పించి పంపించాడు. ఇంకొకరు ఊరి బయట గ్రౌండులో మెట్ల కింద గది చూపించారు. తలుపు తీస్తే గబ్బిలాలు లేచాయి. సారు తల గీరుకుంటూ, "తాయీ, గివి కూడ ఆడినయేమో" అన్నాడు. ఇద్దరం అక్కడే మెట్ల మీద కూలబడి నవ్వాం. నవ్వాక నాకు ఏడుపొచ్చింది.

టవర్ సర్కిల్ నుంచి లోపలికి తిరిగే గల్లీలో గిన్నెల దుకాణం మీద పెద్ద గది ఖాళీగా ఉందని తెలిసింది. బజారు వైపు వరసగా కిటికీలు. కింద స్టీలు బిందెల మీద ఎండ పడి మెరుస్తుంటే ఆ వెలుగు పైన గది కప్పు దాకా వచ్చేది. ఇంటావిడ ఒకప్పుడు భూములున్న కుటుంబం మనిషి. భర్త పోయాడు, ఒక కొడుకూ పోయాడు, ఉన్న కొడుకు, కోడలితో దుకాణం వెనక ఇంట్లో ఉంటుంది. మేము పెద్దమ్మ అనేవాళ్లం. "ఆటలోళ్లా? మంచిదే. తాగుడు, పేకాట లేకుంటే సాలు" అని ఒక్క మాటలో ఒప్పేసుకుంది. ఆ రోజు నేను సర్కిల్‌లో నిలబడి మిర్చీలు తిన్నాను, సారుకు కూడా తినిపించాను.

ఫోటోలు తగిలించే రోజు పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఒక్కో ఫ్రేము దగ్గర ఆగి చూసింది. "గీయన ఉన్నడా?" అంటుంది. "ఉన్నడు పెద్దమ్మా" అంటాను. "గీ పొడుగాయన?" "ఉన్నడు." నా దోస్తు ఫోటో దగ్గరికి వచ్చింది. "గీమె?"

"లేదు" అన్నాను.

ఆమె కిటికీ పక్కన కుర్చీలో కూలబడింది. మిగతావి కూడా అడిగి తెలుసుకుంది. సగానికి పైగా పోయినవాళ్లే. "గీ మాట ముందుగాల చెప్పకపోతిరి బిడ్డా. మా ఇంట్ల పోయినోళ్లే ఒక గోడ నిండ ఉన్నరు. ఊరోళ్ల సచ్చినోళ్లను సుత నా నెత్తి మీద పెడ్తరా? బతికున్నోళ్లయి పెట్టుకోన్రి, వద్దంటలేను. పోయినోళ్లయి తీస్కపోన్రి."

నాకు మా బాపు గుర్తొచ్చాడు. నాన్న పోయినప్పుడు మేము కిరాయి ఇంట్లో ఉన్నాం. ఓనరు మంచివాడే, మా అవ్వ చేసిన గారెలు ఇష్టంగా తినేవాడే. దవాఖాన నుంచి బండి వచ్చేసరికి మాత్రం గేటు మూసి, "ఏమనుకోకున్రి, లోపలికి తేవద్దు" అన్నాడు. బాపును రోడ్డు మీద టెంటు కింద పడుకోబెట్టాం. మా దిక్కు కిరాయికి ఉన్నవాళ్లందరికీ ఇది తెలిసిన ముచ్చటే, ఎవరూ దీన్ని తప్పని కూడా అనుకోరు. ఆ టెంటు కింద కూర్చున్న పిల్లకు మాత్రం తెలుసు, అది ఎట్లా ఉంటుందో.

"ఫోటోనే గద పెద్దమ్మా, శవం కాదు గద?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది.

"శవమైతే ఒక్క పూటల లేస్తది బిడ్డా. ఫోటో లేస్తదా?"

సారు వైపు చూశాను. ఆయన సుత్తి పక్కన పెట్టి, "తాయీ, గిసొంటి జాగ మల్ల దొరుకదు. బతికున్నోళ్లతోని షురు చేద్దాం" అన్నాడు. నేను నా దోస్తు ఫోటో చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చేశాను. మీరు పెట్టుకోండి, ఈ పని నాతో కాదు అని చెప్పే వచ్చాను. ఆమెకు కాని బజారు నాకెందుకు?

కొన్నాళ్లకు పెద్దమ్మే కబురు పంపింది, చాయ్ తాగిపొమ్మని. పోవద్దనుకుంటూనే పోయాను. ముందు గది దాటితే లోపలి గదిలో దక్షిణం గోడకు ఆమె చెప్పిన వరస ఉంది. అత్త, మామ, భర్త, కొడుకు. అందరికీ చందనపు దండలు. నేను మాత్రం ముందు గదిలో, టీవీ పక్కన తగిలించిన ఫోటో చూశాను. పెళ్లి ఫోటో. పదహారేళ్లు కూడా నిండని పిల్లగా పెద్దమ్మ, పక్కన తలపాగా పెట్టుకున్న ఆమె పెనిమిటి. దానికి దండ లేదు.

"గీయన ఉన్నడా?" అన్నాను. ఆ రోజు ఆమె అడిగినట్టే అడిగాను. కావాలనే.

పెద్దమ్మకు కోపం రాలేదు. చాయ్ గిన్నె నా ముందు పెట్టి ఆ ఫోటో దిక్కు చూసింది. "నేనున్న గద బిడ్డా. నేనున్నన్ని దినాలు అది బతికున్నోళ్ల ఫోటోనే. నేను పోయినంక కోడలు లోపలి గోడకు జరుపుతది."

మళ్లీ ఆమే అడిగింది. "మీరిద్దరు కల్సి దిగింది లేదా?"

ఉంది. జట్టు ఫోటో. ముందు వరసలో నేను, ఇంకొకామె మోకాళ్ల మీద కూర్చున్నాం, బ్యాట్లు ఒళ్లో పెట్టుకుని. వెనక ముగ్గురు నిలబడ్డారు. నడుమ నా దోస్తు, ఎండకు కళ్లు చిట్లించి, నా భుజం మీద చేయి వేసి. మొహం బొటనవేలి గోరంత. అందులో కూడా వెనకే నిలబడింది మహాతల్లి. ఐదుగురిలో అప్పటికి ముగ్గురం ఉన్నాం. కప్పు పట్టుకున్న ఫోటోను మళ్లీ తువ్వాలలో చుట్టి బీరువాలో పెట్టి, జట్టు ఫోటో తీసుకుని మెట్లెక్కాను. పెద్దమ్మ ఫోటో చూసింది. మేకు ఎక్కడ కొట్టాలో తనే చూపించింది.

గది తెరిచిన రోజు శ్రీరాంపూర్ నుంచి నా దోస్తు భర్త వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. వచ్చీ రాగానే గోడల వెంబడి నడుస్తూ ఒక్కో ఫోటో చూసుకుంటూ పోయాడు. ఆయన వెతికేది కప్పు పట్టుకున్న ఫోటోనని నాకు తెలుసు. చేయి పట్టుకుని జట్టు ఫోటో దగ్గరికి తీసుకొచ్చాను. అద్దం మీద వేలు పెట్టి, "గింత చిన్నగనా చెల్లె?" అన్నాడు.

ఆ మాటకు నేను సచ్చిపోయాననిపించింది. పెద్దమ్మ పెట్టిన షరతు మొత్తం చెప్పాను. ఒక్కరు ఉన్నా ఫోటో ఉంటుందని, ఎవరూ లేకుంటే తీసేయాలని. ఆయన ఫోటోలో ఐదుగురినీ వేలితో లెక్కపెట్టాడు. "మీరు ముగ్గురున్నరన్నట్టు" అన్నాడు చివరికి. తర్వాత నన్ను పైనుంచి కింది దాకా చూసి, "పాణం పైలం చెల్లె" అన్నాడు.

బోర్డు మీద సారు 'క్రీడా కీర్తి మందిరం' అని రాయించాడు. బజారోళ్లు ఆటలోళ్ల రూం అన్నారు, అదే నిలబడింది. ఎండలకు నీడ కోసం ఎక్కేవాళ్లు, కింద గిన్నెలు బేరం ఆడి విసిగిపోయి ఎక్కేవాళ్లు. ఒకావిడ మేం అక్కడ పెట్టిన ఉన్ని బంతిని చేతిలో పట్టుకుని, "గిది తాకితే దెబ్బ తాకదా అమ్మా?" అని అడిగింది. కొంచెం కూడా తాకదని అబద్ధం చెప్పాను. అప్పుడప్పుడు ఎవరో ఒకరు జట్టు ఫోటో ముందు నిలబడి, వెనక వరసలో నడుమ ఉన్నామె ఎవరు అని అడిగేవాళ్లు. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను రోజూ మెట్లెక్కేదాన్ని.

షరతు షరతే. మొదట ఇచ్చోడ కబడ్డీ ఆయన పోయాడు. కొడుకు వచ్చి ఫోటో తనే దింపుకుపోయాడు, దశదినకర్మకు ఇంట్లో ఇంత మంచి ఫోటో లేదట. తర్వాత ఒకరి వెంట ఒకరు. దింపిన ప్రతి ఫ్రేమూ నేనే తుడిచి, కాగితం చుట్టి, వాళ్ల ఇంటికి చేర్చేదాన్ని. కీర్తి మందిరం అంటే పోయినవాళ్లు నిలిచిపోయే జాగా అంటారు. మా దాంట్లో పోతే దిగాల్సిందే. మేకులు మాత్రం పీకనివ్వలేదు. పెద్దమ్మ ఒకసారి ఒక ఖాళీ మేకుకు క్యాలెండర్ తగిలిస్తానంటే వద్దన్నాను.

ఆదిలాబాద్ సారు ఫోటో కూడా నా చేతులతోనే దింపాను. బతికున్నోళ్లతోని షురు చేద్దాం అన్నది ఆయనే. ఒళ్లో పెట్టుకుని బస్సులో ఆదిలాబాద్ పోయాను. దారి పొడుగునా పత్తి బండ్లు. ఆయన భార్య అద్దాన్ని కొంగుతో తుడిచి, అప్పటికే తెప్పించి పెట్టుకున్న బంతిపూల దండ వేసింది. "ఇన్ని దినాలు మీ కాడ ఉన్నడక్కా, ఇగ ఇంటికొచ్చిండు" అన్నది. తిరుగు బస్సులో సిగ్గు లేకుండా ఏడ్చాను. తాయీ అని పిలిచే మనిషి ఇంక లేడు. కరీంనగర్‌లో ఆ పిలుపు ఎవరికీ రాదు.

మా జట్టులో మిగిలిన ఇద్దరూ కూడా పోయారు. రెండోది, ముందు వరసలో నా పక్కన కూర్చున్నామె, జగిత్యాలలో పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. ముందు ఆమె కోసం ఏడ్చాను. ఏడుస్తూనే తల ఎత్తి ఫోటో చూశాను. ఇప్పుడు అందులో నేనొక్కదాన్నే.

పెద్దమ్మకు చెప్పక తప్పదు. చెప్పాను. ఆమె ఫోటో దిక్కు చూడలేదు, నా దిక్కే చూసింది. "బీపీ గోలీలు ఏస్కుంటున్నవా?"

"ఏస్కుంటున్న పెద్దమ్మా."

"అబద్ధాలాడకు. ఉప్పు తగ్గియ్యి. మెట్లు గంత జోరుగ ఎక్కకు." ఆ సాయంత్రం నుంచి కోడలితో ఉప్పు లేని జొన్న గట్క పంపడం మొదలుపెట్టింది. దాని రుచి గురించి మాట్లాడకపోవడమే మంచిది. తింటున్నాను.

నా ఒంటి గురించి ఎన్నడూ పట్టించుకున్నదాన్ని కాను. ఆటలో కాలు మడత పడితే సున్నం, పసుపు పట్టు వేసుకుని మర్నాడు ఆడేదాన్ని. ఇప్పుడు గోలీల డబ్బా చేతి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకు ఆశ్చర్యం. ఎందుకన్నది వాళ్లకు చెప్పలేదు. నేను పోతే నా ఫోటో దండ వేసుకుని ఇంటికి వస్తుంది, దానికి నాకేం బాధ లేదు. నా వెనక భుజం మీద చేయి వేసి నిలబడ్డ మనిషి కూడా ఆ రోజే బజారు నుంచి దిగిపోతుంది. బీరువాలో ఉన్న కప్పు ఫోటో ఎక్కడికి పోతుందో కూడా నాకు తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే భయమేస్తుంది.

జగిత్యాల సంగతి శ్రీరాంపూర్ దాకా పోయింది. ఎన్నడూ తనంతట తాను ఫోన్ చేయని నా దోస్తు భర్త ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే చేస్తాడు. "పాణం మంచిగున్నదా చెల్లె?" అంటాడు. మోకాళ్లు ఎట్లున్నాయి, నిద్ర పడుతున్నదా, షుగర్ చూపించుకున్నావా అని అడుగుతాడు. భార్య మాట ఎత్తడు. నేనూ ఎత్తను. "మంచిగున్న అన్నా" అంటాను. ఆయన అవతల ఊపిరి వదలడం వినబడుతుంది.

మొన్న ఆదివారం నాకు జ్వరం. గొంతు బొంగురుపోయింది. "ఏం లేదన్నా, జర పడిసం" అన్నాను, నమ్మినట్టు లేదు. తెల్లారి ఒంట్లో తేలికైతే గది తీసి కుర్చీలో కూర్చున్నాను. మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. ఆయనే. శ్రీరాంపూర్ నుంచి పొద్దున బస్సుకు వచ్చాడు, చేతిలో పండ్ల సంచి. గడప మీద నిలబడి ముందు గోడ దిక్కు చూశాడు. తర్వాత నా దిక్కు చూశాడు.

"ఉన్నదన్నా" అన్నాను. "నేను సుత ఉన్న."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుని సంచిలోంచి బత్తాయి తీశాడు. ఒక్కో తొన తెల్లపీచు కూడా లేకుండా ఒలిచి నా చేతిలో పెట్టాడు. నాకు నోరు చేదుగా ఉంది, వద్దన్నాను.

"తిను చెల్లె" అన్నాడు. "మొత్తం తినాలె."

తిన్నాను.